నడుం పట్టీ సీటు

కంపెనీ మనిషి టైమింగుకు వస్తాడని తెలిసినప్పటి నుంచి ప్రసూనకు అన్నం సహించడం లేదు.

సోమందేపల్లె దగ్గర హైవే పక్కన ఆమెది రేకుల షెడ్డు. అందులో ఇరవైమంది దాకా ఆడవాళ్ళు జీన్స్ ప్యాంట్లు కుడతారు. బెంగుళూరు కంపెనీ ఒకటి గుడ్డ కత్తిరించి పంపుతుంది. కుట్టిన ప్యాంట్లు మళ్ళీ అదే కంపెనీ లారీలో వెళ్ళిపోతాయి. వాటి మీద ఏ పేరు పడుతుందో, ఏ ఊళ్ళో ఎవరు తొడుక్కుంటారో వీళ్ళకు తెలియదు, తెలిసి చేసేదీ లేదు. ఇన్నాళ్ళూ కంపెనీ అడిగింది ఒక్కటే, కుట్టు బాగుండాలని. ఇప్పుడు కొత్త పాట ఎత్తుకుంది. చిన్న షెడ్లలో మనిషికి ఇంతని చూస్తే పని తక్కువ పడుతోందట. ప్రతి షెడ్డుకూ ఒకరిని పంపి గడియారం పెట్టి కొలుస్తారట. వాళ్ళు గీసుకున్న గీత కింద పడిన షెడ్లకు ఇక గుడ్డ పంపరట. ఇదంతా ఫోనులో చెప్పిన గొంతు ఎంత మర్యాదగా చెప్పిందంటే, ప్రసూన చివర్లో థాంక్స్ కూడా చెప్పింది. ఫోను పెట్టేశాక తనను తానే తిట్టుకుంది.

షెడ్డు పోతే ఏం మిగులుతుందో ఆమెకు తెలుసు. మొగుడు ఈశ్వరప్ప పేరు మీద ఊరి బయట చేను ఉంది. వాన పడితే అందులో చెనక్కాయ, పడకపోతే రాళ్ళు. ఆయన మాత్రం ఇస్త్రీ చొక్కా నలగకుండా నాయకుల కార్లలో వెనక సీట్లలో తిరుగుతూ, ఇదిగో పదవి, అదిగో పదవి అంటూ జుట్టు నెరిపించుకున్నాడు. ఇల్లు నడిచేది షెడ్డు మీద. ఆమె ఇల్లొక్కటే కాదు, అక్కడ కూర్చుని కుట్టే చాలామంది ఇళ్ళూ అంతే. బోర్లు ఎండిపోయాక చేలల్లోంచి లేచి వచ్చి మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళు వాళ్ళు.

ప్రసూన భయం షెడ్డంతా తిరిగి తిరిగి చివరకు ఒక సీటు దగ్గర ఆగింది. అది ఫాతిమాబీ సీటు. ప్యాంటుకు నడుం పట్టీ వేసేది అక్కడే. జేబులు, జిప్పు, పక్క కుట్లు అన్నీ అయ్యాక ప్యాంటు ఆమె ముందుకు వస్తుంది. ఆమె చెయ్యి దాటితేనే లూపులకూ గుండీకీ పోతుంది. దొడ్డ గుడ్డ మడత మీద మడతగా చేరే చోటు కాబట్టి చెయ్యి ఏమాత్రం జరిగినా నడుము వంకర పోతుంది. అందుకే ఆ సీటు అందరికీ ఇచ్చేది కాదు. షెడ్డు కాకముందు, ప్రసూన ఇంటి వసారాలో రెండే మిషన్లు ఉన్నప్పుడు, రెండో మిషను మీద కూర్చున్నది ఫాతిమాబీయే. తర్వాత వచ్చినవాళ్ళలో సగంమందికి పని నేర్పిందీ ఆమే. ఊరు ఊరంతా చికున్‌గున్యాతో మంచం పట్టినప్పుడు ఆమెకూ వచ్చింది. జ్వరం పోయింది గానీ నొప్పి వేళ్ళల్లో ఉండిపోయింది. పొద్దున్నే పిడికిలి ముడుచుకోదు, ముడిస్తే తెరుచుకోదు. కుట్టు అదే కుట్టు, వంక పెట్టడానికి ఉండదు. వేగం మాత్రం పోయింది.

అయినా ఆమె వల్ల షెడ్డులో పని ఏనాడూ ఆగలేదు. ఈ ఆడవాళ్ళకు చేల నుంచి వచ్చిన అలవాటు ఒకటి ఉంది. చెనక్కాయ చేలో కలుపు తీసేటప్పుడు తలా ఒక సాలు పట్టుకుని వరసగా పోతారు. ముందుగా గట్టు చేరిన మనిషి అక్కడ కూర్చుని ఆకు నమలదు. వెనక్కి తిరిగి, వెనకబడిన మనిషి సాలులో ఎదురుగా కలుపు తీసుకుంటూ వస్తుంది. ఇద్దరూ నడుమ ఎక్కడో కలుస్తారు. అప్పుడు అందరూ కలిసి కొత్త సాళ్ళు పడతారు. ఇక్కడా అంతే. ఎవరి కట్ట ముందు అయిపోతే వాళ్ళు లేచి, ఫాతిమాబీ దగ్గర పేరుకున్న ప్యాంట్లలో కొన్ని లాక్కుపోయి, తమ మిషను మీద పట్టీ వేసి తెచ్చి పడేస్తారు. ఒకరు అడిగేదీ లేదు, ఇంకొకరు మొహమాటపడేదీ లేదు. ప్రసూన కూడా దాన్ని ఒక పద్ధతి అని ఎప్పుడూ అనుకోలేదు. మనుషులు కలిసి పని చేస్తే అట్లాగే ఉంటుంది కదా అనుకుంది.

కానీ ఫోనులో మర్యాద గొంతు ఇంకో మాట కూడా చెప్పింది. టైమింగు నాడు ఎవరి సీటులో వాళ్ళు, ఎవరి పని వాళ్ళే చెయ్యాలి. ఒకరి పనిలో ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

సాయంత్రం అందరూ లేచాక ప్రసూన ఫాతిమాబీ పక్కన వచ్చి నిలబడింది. ఏం చెప్పాలో పొద్దుటి నుంచి మనసులో కూర్చుకున్నదంతా ఆ ముఖం చూడగానే ఎటో పోయింది.

"ఫాతిమక్కా, రేపు నువ్వు రావద్దులే."

ఫాతిమాబీ నూలుకండె తీసి డబ్బాలో పెడుతోంది. "ఎందుకు ప్రసూనమ్మా?"

"ఆ సారు ఒక్కొక్కర్నీ పట్టుకుని గడియారం పెడతాడంట. నీ చేతులు సూస్తే... ఒక్క పూటే అక్కా. నీ సీట్లో చెన్నమ్మను కూకోబెడతా."

ఫాతిమాబీ డబ్బా మూత బిగించింది. తర్వాత కొంగు సర్దుకుంటూ, "నేనే అడగల్లనుకుంటాంటి. పెనుకొండ దర్గాకు పోవల్ల. మొక్కుబడి ఉండాది," అంది.

ఆ మొక్కుబడి అప్పుడే, ఆ మిషను పక్కనే పుట్టిందని ఇద్దరికీ తెలుసు. అయినా ప్రసూన సరేనంది. భయపడ్డ మనిషికి సిగ్గు ఆలస్యంగా వస్తుంది.

మర్నాడు వచ్చిన మనిషి పేరు ప్రణీత్. కుర్రవాడే. గుంతకల్లులో రైల్వే గార్డు కొడుకని, ఇంకా పెళ్ళి కాలేదని, పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కాడని, వచ్చిన కాసేపటికే ఆడవాళ్ళు రాబట్టేశారు. ఉగ్గాని, బజ్జీ తెప్పించి ముందు పెట్టారు. అతను తిని, చేతులు తుడుచుకుని, ఫోనులో గడియారం తీసి నిలబడ్డాడు. అంతే, షెడ్డుకు పూనకం వచ్చింది. ఇంటికి వచ్చిన మనిషి ముందు తీసిపోవడం అనేది ఈ సీమలో పుట్టిన ఆడదానికి చేతకాదు. ప్రసూన గట్టిగా కుట్టమని చెప్పిన మాట నిజమే, కానీ చెప్పకపోయినా వాళ్ళు ఆగేవాళ్ళు కారు. నడుం పట్టీ సీటులో కూర్చున్న చెన్నమ్మ, యాడికి అనే ఊరి నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి, షెడ్డులో అందరికన్నా చురుకైనది, ఆ పూట సూది కనబడకుండా కుట్టింది. పక్కవాళ్ళు ఆమెను మించాలని చూశారు. ఒకర్ని చూసి ఒకరు రెచ్చిపోయారు.

"గంటకు నలభై పడతాండాయి మేడం," అన్నాడు ప్రణీత్ నమ్మలేనట్టు. "ఇంత చిన్న షెడ్డులో నేను ఇంతవరకూ చూడలేదు."

మామూలు రోజుల్లో ముప్పై దాటితే ఆ సాయంత్రం ప్రసూన అందరికీ టీ తెప్పిస్తుంది. ఆ రోజు ఆమె టీతో ఆగలేదు, మైసూరుపాకు కూడా తెప్పించింది. గండం గడిచిందని అందరూ నవ్వుకుంటూ తిన్నారు. ఫాతిమాబీ వాటా ఒక కాగితంలో కట్టి పక్కన పెట్టారు. పెళ్ళిచూపుల నాడు గొంతు సవరించుకుని పాడిన పిల్లను పెళ్ళయ్యాక రోజూ అదే పాట పాడమని ఎవరూ కూర్చోబెట్టరు. కంపెనీ కూర్చోబెడుతుందని ఆ సంబరంలో ఎవరికీ తోచలేదు.

ఆ వారం తిరక్కుండానే ఫోనుకు మెసేజి వచ్చింది. ఆర్డరు ఉంటుంది, సంతోషం. ఇక నుంచి గంటకు నలభై రావాలి. తగ్గితే ఎందుకు తగ్గిందో రోజూ సాయంత్రం రాసి పంపాలి.

ప్రసూన ఆ మెసేజి చదివి వినిపించినప్పుడు షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. ముందుగా చెన్నమ్మే నోరు తెరిచింది.

"అది ఒక పూట కుట్టినాం గానీ అక్కా, రోజూ ఎట్ల కుట్టేది? నా భుజం ఇంగా దిగలేదు."

"కుట్టినాం గదా మరి. కుట్టలేమని ఇప్పుడు ఎట్ల చెప్పేది?" అంది ప్రసూన. ఆ మాట అన్నప్పుడు ఆమెకు చెన్నమ్మ మీద కోపం రాలేదు. తన మీదా రాలేదు. ఎవరి మీద కోపం రావాలో తెలియకపోవడం ఆమెకు ఇంకా చిరాకు పుట్టించింది.

ఫాతిమాబీ టైమింగు మర్నాడే తన సీటులోకి తిరిగి వచ్చేసింది. మైసూరుపాకు తీసుకుంది, బాగుందంది. దర్గాలో జనం ఎక్కువున్నారని చెప్పింది. ఎవరూ ఏమీ అడగలేదు. చెన్నమ్మ జేబుల దగ్గరికి, తన పాత చోటికి వెళ్ళింది. మెసేజి వచ్చాక పొద్దు నడినెత్తికి రాకముందే నడుం పట్టీ దగ్గర ప్యాంట్లు మోకాళ్ళ ఎత్తున పేరుకోసాగాయి. ఇదివరకైతే పక్కవాళ్ళు తమ కట్ట ముగించుకుని, నాలుగు మాటలు చెప్పుకుంటూ వచ్చి ఆమె కుప్పలోంచి తీసుకునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ కట్టలే ముగియడం లేదు. అయినా వచ్చారు. అన్నం తినే పొద్దులో సగం మింగేసి, చేతులు కడుక్కుని, పరిగెత్తుకొచ్చి ఆమె ప్యాంట్లు తీసుకున్నారు. ఫాతిమాబీ వద్దని ఒకసారి అంది, రెండోసారి అంది, తర్వాత అనడం మానేసింది. తల ఎత్తడం కూడా మానేసింది.

దారాలు కత్తిరించే పనికి మారతావా అని ప్రసూన ఒకసారి మెల్లగా అడిగి చూసింది.

"ఆ పని చేసేటట్లయితే ఇంటికాడే ఉంటా. మా ఆయనకు సంగటి కెలికి పెట్టుకుంటా," అంది ఫాతిమాబీ. ఆమె మొగుడు ఇమాం హుస్సేన్ బస్టాండు దగ్గర సైకిళ్ళకు పంక్చర్లు వేస్తాడు. "ఈ సీటు కాకపోతే నాకు ఈడ పనేముండాది ప్రసూనమ్మా?"

ప్రసూన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం రేకుల కింద ఎండ మాడ్చేస్తుంటే ప్రసూన నీళ్ళు తాగుదామని మూలనున్న డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. పొద్దున ట్యాంకరువాడు నింపిపోయిన డ్రమ్ము నిండుగా అట్లాగే ఉంది. లోటా పొడిగా ఉంది. ఈ ఎండకు డ్రమ్ము సాయంత్రానికి అడుగంటేది, చాలలేదని గొడవ కూడా జరిగేది.

"ఏమే, ఎవరూ నీళ్ళు తాగలేదా?" అని అరిచింది.

ఎవరూ తల తిప్పలేదు. మిషన్ల చప్పుడులోంచే చెన్నమ్మ చెప్పింది. "తాగితే లెయ్యల్ల గదక్కా. బాత్రూము ఆ చివర ఉండాది. పోయొచ్చేతలికి నా కాడ కట్ట నిలబడతాది, నా ఎనక ఉండేవాళ్ళు ఊరికే కూకుంటారు."

"చచ్చిపోతారే అట్లయితే!"

"ఇంటికి పోయినాక తాగుతాంలేక్కా."

చెన్నమ్మకు నాలుగు రోజులుగా ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉందని, సందులో ఉండే డాక్టరు మాత్రలిచ్చాడని, ఇంకో ఇద్దరికీ అదే తిప్పలని ప్రసూనకు ఆ తర్వాత తెలిసింది. నేరుగా ఎవరూ చెప్పలేదు. వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటుంటే చెవిన పడింది. తనతో చెప్పుకోవడానికి వాళ్ళు జంకుతున్నారన్న సంగతి ఆమెను ఆ మంట మాట కన్నా ఎక్కువ బాధపెట్టింది. ఇంత చేసినా నలభై ఒక్క రోజూ రాలేదు. ఎందుకు రాలేదో సాయంత్రం రాయాల్సి వచ్చినప్పుడు కరెంటు పోయిందని రాసింది, సూదులు విరిగాయని రాసింది. నడుం పట్టీ దగ్గర ఆలస్యమవుతోందని రాస్తే తర్వాత ఏం అడుగుతారో ఆమెకు తెలుసు. అది మాత్రం రాయలేదు.

అట్లా ఎన్నాళ్ళు అబద్ధాలు రాస్తుంది? వీళ్ళలో ఎవరైనా ఒకరు మిషను మీద వాలిపోతే తను ఏం సమాధానం చెబుతుంది? చివరకు ఒకరోజు షెడ్డు బయటికి వచ్చి, లారీల చప్పుడులో ఒక చెవి మూసుకుని, ప్రణీత్‌కు ఫోను చేసింది.

"సార్, ఆ పొద్దు మేము చూపించింది నిజం కాదు."

"అంటే మేడం?"

"ఎవరన్నా చూస్తాండారంటే పరిగెత్తే మనుషులం మేము. రోజూ అట్ల కుట్టలేము. ఇంగోసారి వచ్చి టైమింగు తీసుకో సార్. ఉండేది ఉన్నట్టు చూపిస్తాం."

"మేడం, నేను తిరిగిన షెడ్లవాళ్ళంతా తమ లెక్క తక్కువ పడింది, పెంచమని నాతో కొట్లాడినారు. తగ్గించమని అడిగింది మీరొక్కరే."

"తగ్గిస్తే ఆర్డరు పోతాదా?"

"గీత దాటితే పోదు. దాటకపోతే నా చేతుల్లో లేదు."

"ఆ గీత యాడుండాదో చెప్పు సార్."

"అది చెప్పకూడదు మేడం. బాగా ఆలోచించుకోండి."

ఆలోచించుకుంటే పిలవలేనని ఆమెకు తెలుసు. రమ్మని అప్పుడే చెప్పేసింది. ఫోను పెట్టేసి మైలురాయి మీద కూర్చుండిపోయింది. ఎక్కడుందో తెలియని గీత మీద ఇంతమంది బతుకులు నిలబెట్టి వచ్చానే అనిపించింది.

షెడ్డులో అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఈసారి ఎవరూ రెచ్చిపోవద్దు, రోజూ ఎట్లా కుడతారో అట్లాగే కుట్టాలి, దాహమైతే లేచి తాగాలి. సారు ఎదురుగా ఉన్నా సరే. వాళ్ళు తలూపారు. తర్వాత ఫాతిమాబీ దగ్గరికి వచ్చింది.

"ఈసారి నువ్వు రావల్లక్కా. నీ సీట్లో నువ్వే కూకోవల్ల. చేతులు ఎట్లుంటే అట్లే చూపిద్దాం."

ఫాతిమాబీ ముఖం విప్పారింది. చాలా రోజులకు ఆమె ప్రసూన కళ్ళలోకి చూసింది. ఆ ముఖంలో సంతోషం చూసి ప్రసూన కూడా తేలికపడింది. ఆమె విన్నది మొదటి రెండు మాటలేనని, మూడో మాట చెవికి ఎక్కలేదని అప్పుడు గమనించలేదు.

ప్రణీత్ వచ్చాడు. ఈసారి ఉగ్గాని లేదు, ముచ్చట్లు లేవు. ఒక్కో మిషను పక్కన నిలబడి, గడియారం చూసుకుంటూ కొన్ని ప్యాంట్లు కొలిచి ముందుకు జరుగుతున్నాడు. ఆడవాళ్ళు నిదానంగా కుడుతున్నారు. అది వాళ్ళకు ఎంత కష్టంగా ఉందో ప్రసూనకు కనబడుతూనే ఉంది. కొత్త మనిషి ముందు మామూలుగా ఉండటం కోసం చెన్నమ్మ పెదవి కొరుక్కుంటోంది. ఇద్దరు లేచి నీళ్ళు తాగొచ్చారు. ప్రసూన గుండె కొంచెం కొంచెంగా కుదుటపడింది. ఇక ఫాతిమాబీ ఒక్కతే మిగిలింది.

ఫాతిమాబీ తెల్లవారుజాము నుంచి చేతులు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుందని, నువ్వులనూనె రాసుకుని నొప్పి మాత్ర మింగి వచ్చిందని ప్రసూనకు తెలియదు. ప్రణీత్ గడియారం నొక్కగానే ఆమె మొదటి ప్యాంటు అందుకుంది. పట్టీ చుట్టూ తిరిగి వచ్చేసింది. ఇంకోటి తీసుకుంది. అదీ అయిపోయింది. వసారాలో రెండు మిషన్ల కాలంలో ఎట్లా కుట్టేదో అట్లా కుడుతోంది. పెడల్ మీద కాలు, గుడ్డ మీద చెయ్యి ఒక్కటిగా కదులుతున్నాయి. పక్కవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"ఆలస్యం అంతా నడుం పట్టీ కాడేమో అనుకున్యా," అన్నాడు ప్రణీత్. "ఆ పొద్దు కూర్చున్నామె కన్నా ఈమే బాగా కుడతాంది మేడం!"

ఎవరో చప్పట్లు కొట్టారు. ఫాతిమాబీ ప్రసూన వైపు తిరిగింది. నుదుట చెమట, ముఖమంతా వెలుగు. "చూస్తివా ప్రసూనమ్మా?" అంది.

ప్రసూన చూసింది. ఆ క్షణంలో ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. ఆ వెంటనే, ఈ లెక్క బెంగుళూరు చేరితే నలభై కాదు, ఇంకా పైనే పడుతుందని కూడా అర్థమైంది. నిండుగా ఉండిపోయిన డ్రమ్ము, చెన్నమ్మ మాత్రలు, అన్నం సగం మింగి పరిగెత్తే మనుషులు, అన్నీ మళ్ళీ మొదలవుతాయి. మొదటగా విరిగేది ఈ వేళ్ళే.

"అది రాయొద్దు సార్," అంది. "ఆమె రోజంతా అట్ల కుట్టలేదు."

చప్పట్లు ఆగిపోయాయి.

"కుట్టతా," అంది ఫాతిమాబీ.

"కుట్టలేవక్కా."

"నువ్వెట్ల చెప్తావు? ఆ పొద్దు రావద్దంటివి, రాలేదు. ఈ పొద్దు రమ్మంటివి, వచ్చినా. కుట్టతాంటే కుట్టలేవంటావు. కుట్టతా సారూ, ఎంతసేపన్నా పెట్టుకో నీ గడియారం."

ప్రణీత్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత స్టూలు ఒకటి లాక్కుని ఫాతిమాబీ ఎదురుగా కూర్చున్నాడు. "గంటసేపు చూస్తా మేడం. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. ఎవరూ ఆమె కాడికి రావద్దండి."

ఆ గంట ప్రసూన జీవితంలో అన్నిటికన్నా పాడు గంట. గోడకు ఆనుకుని నిలబడి, వసారాలో తన పక్క మిషను మీద కూర్చున్న మనిషి చేతులు బిగుసుకుపోవాలని దేవుణ్ణి వేడుకుంది. వేడుకుంటున్నందుకు తనను అసహ్యించుకుంది. మళ్ళీ వేడుకుంది. షెడ్డులో మిగతా అందరూ ఫాతిమాబీ గెలవాలని చూస్తున్నారు. ఆమె ఓడిపోవాలని చూస్తున్నది తానొక్కతే.

మొదట్లో పాత వేగమే. తర్వాత ఫాతిమాబీ ఒకసారి ఆగి చెయ్యి విదిలించుకుంది. మళ్ళీ అందుకుంది. మళ్ళీ విదిలించుకుంది. మడత పట్టే బొటనవేలు వంగడం మానేస్తే అరచేత్తో నొక్కి పట్టింది. ప్యాంట్లు పక్కన పేరుకోసాగాయి. ఒక పట్టీ వంకర పోతే ఎవరూ అడక్కుండానే విప్పి మళ్ళీ వేసింది. అలవాటు కొద్దీ చెన్నమ్మ లేచి వచ్చి కుప్ప మీద చెయ్యి వేసింది.

"ముట్టుకోవద్దమ్మా," అన్నాడు ప్రణీత్.

"ముట్టుకోవద్దు," అంది ఫాతిమాబీ కూడా, ఆ చేతిని తోసేస్తూ. "సారు చూస్తాండాడు."

ప్రసూన వెళ్ళి, చాలు, ఆపమని చెప్పబోయింది. చెప్తే ఆ లెక్క ఏమవుతుందో తెలియక ఆగిపోయింది. ఆగిపోయినందుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గంట అయ్యాక ప్రణీత్ లేచి నిలబడ్డాడు. ప్రసూన కోసమే అన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ, మిషన్లన్నీ ఆగి ఉన్నాయి కాబట్టి అందరికీ వినబడింది.

"ముప్పైకి లోపే పడినాయి మేడం. మిగిలిన సీట్లన్నీ దీనికన్నా వేగంగానే ఉండాయి. అన్నీ ఈ సీటు దాటి పోవల్ల కాబట్టి షెడ్డు లెక్క దీన్ని బట్టే కడతాం, ఆ నలభై తీసేస్తాం."

"గీత?"

అతను కాసేపు తటపటాయించాడు. "దాటింది. కొంచెమే. ఆర్డరు ఉంచమనే రాస్తా, వాళ్ళు ఏమంటారో చెప్పలేను. ఈ సీటులో మనిషిని మారిస్తే లెక్క బాగా పెరుగుతాది. మారుస్తామని రాయమంటారా?"

"వద్దు సార్. ఆ సీటు ఆమెదే."

షెడ్డు మొత్తం ఒక్కసారి కదిలినట్టయింది. చెన్నమ్మ పమిటచెంగుతో ముఖం తుడుచుకుంది. ఫాతిమాబీ మాత్రం కదల్లేదు. వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నా పేరు రాసినావా సారూ?" అని అడిగింది.

"పేర్లు రాయమమ్మా. నడుం పట్టీ సీటు అని రాస్తాం, అంతే."

"పేరు రాయి. ఈ షెడ్డులో నిదానం ఎవరిదంటే ఫాతిమాబీది అని రాయి. రేపటి నుంచి ఈళ్ళంతా ఊపిరి తీసుకునేది దాని మీదే గదా."

ప్రణీత్ ప్రసూన వైపు చూశాడు. ప్రసూన తల ఎత్తలేకపోయింది.

"రాయి సారూ. ఫాతిమాబీ, భర్త పేరు ఇమాం హుస్సేన్," అంది ఆమె, రేషను షాపులో చెప్పినట్టు విడివిడిగా. అతను రాసుకునేదాకా చూసింది. తర్వాత మిషను వైపు తిరిగి, అరచేత్తో గుడ్డ నొక్కిపట్టి, మిగిలిన ప్యాంట్లలో ఒకటి అందుకుంది. చెన్నమ్మ వచ్చి కుప్పలో సగం ఎత్తుకుపోయింది. ఈసారి ఎవరూ వద్దనలేదు.

ప్రసూన రెండుసార్లు "అక్కా" అని పిలిచింది. ఫాతిమాబీ పలకలేదు, కుడుతూనే ఉంది.